పకోడీల కింద నంబర్లు

పోయిన నెల, నేను వంట చేసిపెట్టిన పెద్దాయన కూతురు ఫోన్ చేసింది. ఇక్కడ ట్రాయ్ ఊళ్లో ఆయన ఇల్లు అమ్మేశారట. బేస్‌మెంట్ ఖాళీ చేస్తున్నారట.

"ఆంటీ, నాన్నది ఒక బాక్స్ ఉంది. మీద మీ పేరు రాశాడు. వచ్చి తీసుకోండి, ప్లీజ్" అంది.

ఆమెకీ నాకూ తొమ్మిదేళ్లే తేడా. అయినా మొదటి రోజు నుంచీ ఆంటీనే. సరేనని వెళ్లాను. అట్టపెట్టె మీద నల్ల మార్కర్‌తో ఇంగ్లీషులో నా పేరు. ఒక అక్షరం మీదికి ఇంకో అక్షరం ఎక్కింది, చివరి రెండూ పెట్టె అంచు దాటి పక్కకి వెళ్లిపోయాయి. అయినా చదవగలిగాను. లోపల వీడియో గేమ్ మిషను, దాని కంట్రోలరు, కాలేజీ ఫుట్‌బాల్ గేమ్ ఒకటి, నా నోటుబుక్కు.

వచ్చేటప్పుడు ఆమె ఇంకో మాట అంది. ఇక్కడి తెలుగువాళ్ల సంఘం సావనీర్ సంచికలో నాన్న గురించి ఒక పేజీ అడిగారట.

"నాకు తెలుగు రాయడం రాదు కదా. మీరు రాస్తారా?"

"నేను ఐదో తరగతేనమ్మా."

"నాన్న చెప్పాడు, మీకు రాయడం వస్తది అని."

అందుకని రాస్తున్నాను. రెండు రోజులు కాగితం ముందు ఊరికే కూర్చున్నాను. పొద్దున్నుంచి మూడిళ్లలో నిలబడి వండి వచ్చాక చెయ్యి కదలదు. పేజీ దాటితే వాళ్లే కోసేసుకుంటారు. ఆయన పేరు మాత్రం రాయడం లేదు. పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు, రాద్దామంటే చెయ్యి రావట్లేదు. ఆయన ఉంటే దీనికే తిట్టేవాడు.

నేను ఆయన ఇంటికి వంటకి కుదిరిన రోజు ఆయన ముందు నా మొహం చూడలేదు. నా కారు దగ్గరికి వచ్చాడు. లుంగీ, దాని మీద తను చదివిన యూనివర్సిటీ ఫుట్‌బాల్ జెర్సీ, మెడ దగ్గర సాగిపోయింది. నా పాత కారు తలుపు తీసి వేశాడు. మళ్లీ తీసి వేశాడు. మూడోసారి కళ్లజోడు తీసి, కళ్లు మూసుకుని వేశాడు.

"కింది హింజ్ అరిగిపోయిందమ్మా. ఈ చలికాలం తలుపు దిగుతుంది చూడు" అన్నాడు.

నాకు భయమేసింది. ఈయనకి మతి సరిగ్గా ఉందా అనుకున్నాను. చలికాలంలో తలుపు నిజంగానే దిగింది.

తర్వాత తెలిసింది ఆయన పని అదేనని. కార్ల కంపెనీలో ముప్పై ఏళ్లు తలుపులే చూశాడట. తలుపు వేస్తే ఏ చప్పుడు రావాలో అది వచ్చేదాకా హింజ్ మార్చడం, రబ్బరు మార్చడం, మళ్లీ వేసి వినడం. ఆఫీసులో ఆయన పేరు పలకలేక "హే, డోర్స్" అని పిలిచేవాళ్లట. రిటైరైన రోజు కేకు మీద కూడా అదే రాశారట. ఆ మాట నవ్వుతూనే చెప్పేవాడు. నాలుగైదుసార్లు చెప్పాడు.

నేను ముందు సార్ అన్నాను.

"సార్ అనకు. ఇక్కడ పోలీసోడు కారు ఆపినప్పుడు అంటారు సార్ అని."

"మరి ఏమనాలె?"

"ఏదోటి అను. అందరూ అంకుల్ అంటారు, అది మాత్రం వద్దు. విసుగొచ్చింది."

అట్లా పెద్దాయన అయ్యాడు. నా పేరు అడిగాడు. మిగతా ఇళ్లలో నేను కుకింగ్ ఆంటీని. ఆయన మాత్రం పేరుతో పాటు ఇంటిపేరు కూడా అడిగి, ఫ్రిజ్ మీద కాగితం అంటించి దాని మీద రాసుకున్నాడు. ఆ వెంటనే ఇంకోటి అడిగాడు.

"ఇంగ్లీషు చదవడం వచ్చా?"

"వస్తది" అన్నాను.

రాదు. పెద్దక్షరాలు విడివిడిగా గుర్తుపడతాను, అంకెలు వస్తాయి. చిన్నక్షరాలు పక్కపక్కన పేరిస్తే అన్నీ ఒకలాగే ఉంటాయి. అంతకుముందు ఒక ఇంట్లో చదవడం రాదని చెప్తే రెండో వారమే వద్దన్నారు. అందుకని ఇక్కడ వస్తుందన్నాను. ఒక్కసారి అన్నాక ఇంక దాన్ని మోయాల్సిందే. నాలుగేళ్లు మోశాను. సామాన్ల చీటీ ఇస్తే కొట్లో కుర్రదానికి చూపించి తెచ్చేదాన్ని.

ఆయనలో నాకు అలవాటు కావడానికి టైం పట్టింది ఒకటుంది. తప్పు ఎప్పుడూ తనది కాదు. పాలు పొంగితే స్టవ్ తప్పు. కుక్కర్ మూత ఇరుక్కుంటే మూత డిజైన్ చేసినవాడి తప్పు. ఒకసారి నా కళ్ల ముందే పప్పులో ఉప్పు రెండుసార్లు వేసి, "ఈ ఉప్పు ఎక్కువ ఉప్పగా ఉంది" అన్నాడు. కూతురు ఫోన్‌లో అనేది, "నాన్న సారీ చెప్పడు ఆంటీ. నెవర్. అమ్మ ఉన్నప్పుడు కూడా చెప్పలేదు" అని. ఆయన భార్య నేను చేరకముందే పోయింది.

ఇంక జూలై సంగతి.

ఏటా జూలైలో ఆ కాలేజీ ఫుట్‌బాల్ గేమ్ కొత్తది వచ్చేది. కొట్టు తలుపు తీసేసరికి డెబ్బై ఏళ్ల మనిషి జెర్సీ వేసుకుని కుర్రాళ్ల మధ్య లైన్లో నిలబడేవాడు. తెచ్చిన రోజు ఇంట్లో ఇంకేం పని ఉండదు. ఫోన్ ఎత్తడు. కంట్రోలర్‌కి జిడ్డు అంటుతుందని ఆ రోజు స్పూన్‌తో తినేవాడు. ఏడాదికి ఆ ఒక్కరోజే స్పూన్. పెరుగన్నం గిన్నెలో కలిపి పక్కన పెట్టాలి. ఆవకాయ వద్దు, చెయ్యి పెట్టబుద్ధవుతుంది.

"రేపు ఆడుకోవచ్చు కదా, వంటయ్యేదాకా ఆగండి" అన్నాను మొదటి ఏడు.

"రేపటికి అలవాటైపోతుందమ్మా. మొదటిసారి ఏమనిపించిందో అది ఈ రోజే తెలుస్తుంది."

మొదటి అరగంట ఆడేవాడు కాదు. వినేవాడు. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని, జనం కేకలు, బ్యాండు, మనుషులు ఢీకొన్నప్పుడు వచ్చే చప్పుడు వినేవాడు. "పోయినేడు బాగుంది. ఇదేంటి, అట్టపెట్టె మూసినట్టుంది" అని గొణిగేవాడు. తర్వాత గడ్డి చూసేవాడు. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని తనకేమనిపించిందో నలుగురు పాత స్నేహితులకి రాసి పంపేవాడు. అందరూ తెలుగువాళ్లే, అదే కంపెనీలో చేసినవాళ్లు. ప్రతి ఏడూ వాళ్లు దానికోసం చూసేవాళ్లు, ప్రతి ఏడూ తిట్టేవాళ్లు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే ఆయన అందరికంటే ఎక్కువ తిట్టేవాడు.

ఆ తర్వాత మూడు రోజులు పేర్లు పెట్టడం.

అది నాకు మొదట అర్థం కాలేదు. గేమ్‌లో ఆటగాళ్లకి పేర్లుండవు. వీపు మీద నంబరు ఉంటుంది, అంతే. మనిషి అదే మనిషి. అదే ఎత్తు, అదే రంగు, అదే జుట్టు.

"కాలేజీ పిల్లలమ్మా. వాళ్లకి డబ్బులివ్వరు. ఇవ్వనప్పుడు పేరు వాడకూడదంట. ఎత్తు వాడుకోవచ్చంట, జుట్టు వాడుకోవచ్చంట, పేరు మాత్రం వద్దంట" అన్నాడు.

"నంబరుంటే సరిపోదా? ఆడేది ఆటనే గదా."

ఆయన నా వైపు తిరిగి, "నిన్ను వంద నంబరు అని పిలిస్తే వంట చేస్తావా?" అన్నాడు.

డెబ్బై మంది. ఒక్కొక్కరి పేరు ఒక్కో అక్షరం ఏరి నొక్కాలి. యూనివర్సిటీ వాళ్ల జాబితా పక్కన పెట్టుకుని, నంబరు చూసి, పేరు చూసి, నొక్కేవాడు. పెట్టేశాక ఆడితే, ఆట గురించి చెప్పే గొంతు ఆ పేర్లు పలికేది. మామూలు పేర్లయితే పలికేది, కష్టమైనవి వదిలేసేది. ఆయన పెట్టినవాటిలో ఒక్క పేరు కూడా తప్పు పోయేది కాదు. స్నేహితుల దగ్గర అదే ఆయన గొప్ప. వాళ్లూ ఆడేవాళ్లు, వాళ్లకి సగం పేర్లయ్యేసరికి విసుగొచ్చేది.

ఇక్కడి ఫుట్‌బాల్ మనకి తెలిసింది కాదు, చేత్తో బంతి విసిరి, ఢీకొట్టుకుంటూ ఆడేది, నాకు ఆ ఆట పెద్దగా రాలేదు. ఒక్కడిని మాత్రం గుర్తుపెట్టుకున్నాను, మిల్లర్ అని. ఆయన చూపించాడు. మూడొందల పౌండ్ల మనిషి, గార్డు. బంతి ముట్టుకోడు, పరిగెత్తడు. ముందు నిలబడి అవతలివాళ్లని ఆపుతాడు, వెనకున్నవాడు బంతి విసురుతాడు.

"వీడి పేరు ఎవడూ పలకడు చూడు. విసిరినోడి పేరు, పట్టుకున్నోడి పేరు, తన్నినోడి పేరు. వీడు నిలబడకపోతే వాళ్లెక్కడ?"

"పలకనప్పుడు మీరు పేరు పెట్టుడు ఎందుకు?"

"పెట్టాలి."

జాబితా చూసి తర్వాతి పేరు నొక్కాడు.

ఇట్లా మూడు జూలైలు గడిచాయి. నాలుగోదాని ముందు చలికాలంలో ఆయన మనిషిని చూడ్డం మారింది. తల పక్కకి తిప్పి, కోడి చూసినట్టు చూసేవాడు. నేను నవ్వాను కూడా. తర్వాత తెలిసింది, కంటికి మధ్యలో ఉన్నది కనబడట్లేదట. అంచులు కనబడతాయి. వచ్చే ఏడాదికి టీవీ మీద బొమ్మ కూడా తెలియదని డాక్టర్ చెప్పాడట. ఆయన డాక్టర్‌నే తిట్టాడు.

ఆ జూలైలో ఆయన్ని కొట్టుకి నేను తీసుకెళ్లాను. వచ్చేటప్పుడు ఒళ్లో గేమ్ పెట్టుకుని, దాని అంచు బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఇది నేను కళ్లతో చూసే ఆఖరి టీమ్."

"అట్లనకండి."

"అనకపోతే కనబడుతుందా? పేర్లు ఈసారి నువ్వు పెట్టాలి. ఒక్కటి కూడా తప్పు పోకూడదు."

అప్పుడైనా చెప్పాల్సింది, నాకు చదవడం సరిగ్గా రాదని. రోడ్డు చూస్తూ "సరే" అన్నాను.

జాబితా కూతురు ముందు వారమే వచ్చి ప్రింట్ తీసి పెట్టింది, నాన్నకి ఏ కొంచెమైనా కనబడాలని అక్షరాలు పెద్దవి చేసి. ఆమె నేపర్‌విల్‌లో డాక్టరు, మళ్లీ పరుగున వెళ్లిపోయింది. బల్ల మీద ఎనిమిది కాగితాలున్నాయి. నాలుగింటి నిండా పేర్లు. అన్నీ పెద్దక్షరాలే, బతికాననుకున్నాను. మిగతా నాలుగింటి మీద ఒట్టి అంకెలు. అక్షరాలు పెద్దవి చేసేసరికి పేర్లు ఒక కాగితం మీద, వాటి నంబర్లూ ఎత్తులూ బరువులూ ఇంకో కాగితం మీద పడ్డాయి. అది నాకు తెలియదు. పైన ఏముందో చదవగలిగితే తెలిసేది. కూతురు హాస్పిటల్ కాగితాలేవో మర్చిపోయి వెళ్లిందనుకున్నాను.

ఆ మధ్యాహ్నం వాన పడింది. ఆయన ఉల్లిపాయ పకోడీలు అడిగాడు. చూస్తే పేపర్ టవల్ అయిపోయింది. ఆ అంకెల కాగితాలు నాలుగూ పళ్లెంలో పరిచి పకోడీలు వాటి మీద తీశాను. నూనె బాగా పీల్చాయి. తర్వాత నలిపి చెత్తలో వేశాను.

పేర్లు పెట్టడం మొదలుపెట్టాను. తెర మీద ఆటగాళ్లు వరసగా ఉన్నారు, కాగితం మీద పేర్లు వరసగా ఉన్నాయి. ఇక్కడ మొదటివాడికి అక్కడ మొదటి పేరు, రెండోవాడికి రెండోది. అంతే కదా అనుకున్నాను. తెర మీద వాళ్లు చేసే పనిని బట్టి వరస, కాగితం మీద నంబర్ని బట్టి వరస అని నాకేం తెలుసు. ఒక్కో అక్షరం కాగితం మీద వేలు పెట్టి చూసి, తెర మీద అదే ఆకారం వెతికి నొక్కాను. మెడ పట్టేసింది. ఆయన పక్కనే కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఒకసారి అడిగాడు.

"నంబర్లు కలుస్తున్నాయా?"

"కలుస్తున్నయి."

రెండు రోజులు పట్టింది. పప్పు ఒకసారి మాడింది. డెబ్బయ్యో పేరు అయ్యాక నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను. ఇంగ్లీషులో నేను అన్ని మాటలు రాయడం అదే మొదలు.

ఆయన జెర్సీ వేసుకున్నాడు. టీవీకి మూడడుగుల దూరంలో కుర్చీ లాక్కుని, తల పక్కకి తిప్పి కూర్చున్నాడు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. బ్యాండు వాయించారు. జనం కేకలేశారు. ఆట బంతిని తన్నడంతో మొదలవుతుంది. కిక్కర్ పరిగెత్తుకొచ్చి తన్నాడు. గొంతు పలికింది, మిల్లర్ అని.

ఆయన బొటనవేళ్లు ఆగిపోయాయి. కళ్లజోడు తీశాడు.

"ఏమైంది పెద్దాయనా?"

"ఏం లేదు."

ఇంకొంచెం ఆడాడు. ఇంకో పేరు పలికింది. ఇంకోటి. ఆయన నెమ్మదిగా తల ఊపాడు, నా కారు తలుపు విన్నప్పుడు ఊపినట్టే. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. శబ్దం రాకుండా, భుజాలు కదిలేట్టు.

"బాగుందా?" అన్నాను.

"ఎంత కష్టపడ్డావమ్మా" అన్నాడు. "మెడ నొప్పిగా ఉందా?"

"కొంచెం."

"పడుకో పో కాసేపు. వంట సంగతి తర్వాత చూద్దాం."

ఆయన అంత మెత్తగా మాట్లాడ్డం ఎప్పుడూ వినలేదు. మిల్లర్ పేరు కూడా వినబడింది కదా, పేర్లు నచ్చాయనుకున్నాను.

సాయంత్రం నోటుబుక్కు ఇచ్చాడు. కంప్యూటర్ కనబడట్లేదు, చెప్తాను, తెలుగులో రాయి అన్నాడు. తెలుగు వస్తుంది కాబట్టి ధైర్యంగా రాశాను. ఆ పేజీ ఇప్పుడు నా ముందుంది, నా తప్పులతోనే.

"కొత్త గేమ్, మొదటి ఆట. గడ్డి పచ్చగా ఉందని అమ్మాయి చెప్తోంది, నాకు బూడిదరంగులో ఉంది. బ్యాండు బాగుంది. ఢీకొంటే పాత వ్యాన్ తలుపు జరిపినట్టు చప్పుడొస్తోంది, పోయినేడే నయం. పేర్లు రెండు రోజుల్లో అయిపోయాయి. మిల్లర్ పేరు స్టేడియం అంతా వినబడింది. ఇన్నేళ్లుగా ఆడుతున్నాను, ఒక గార్డు పేరు పలకగా వినడం ఇదే మొదలు. మిగతాది ఫోన్‌లో."

రాసింది నాతోనే ఫోన్‌లో స్నేహితులకి చదివించాడు. చివరికొచ్చేసరికి అవతల నలుగురూ ఒక్కసారి నవ్వారు. నా చదువు విని నవ్వారేమో అనుకున్నాను. ఆయన ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, "నువ్వెళ్లి టీ పెట్టమ్మా" అన్నాడు. ఆ తర్వాత వాళ్లేం మాట్లాడుకున్నారో వినలేదు.

ఆ మర్నాటి నుంచి కొత్త అలవాటు పెట్టాడు. పొద్దున నేను వెళ్లగానే, పాలల్లో వేసుకు తినే తన సీరియల్ డబ్బా ముందుకి తోసేవాడు.

"కళ్లు కనబడి చావట్లేదు. దీని మీద ఏముందో చదివి పెట్టు."

"నాకు చిన్నక్షరాలు జెర లేటైతయి."

"నాకేం తొందర. ఒక్కో అక్షరం చెప్పు, నేను కలుపుకుంటా."

నేను అక్షరాలు చెప్పేదాన్ని, ఆయన కలిపి మాట చెప్పేవాడు. నాకు చదవడం రాదని బయటపడకుండా ఇదేదో బాగుందనుకున్నాను. డబ్బా అయ్యాక పోస్టులో వచ్చిన ఉత్తరాలు. అవయ్యాక రోడ్డు మీద బోర్డులు. చలికాలం వచ్చేసరికి ఆయన కలపకముందే నేనే కలిపి చెప్పేస్తున్నాను.

"ఎంత దాకా చదివానన్నావు?"

"ఐదు."

"అబద్ధం. ఏడుంటుంది" అనేవాడు.

మధ్యలో ఒక వార్త వచ్చింది. ఫార్మింగ్టన్ హిల్స్ ఆయన ఫోన్ చేసి చెప్పాడు, వచ్చే ఏడు ఆ గేమ్ రాదట. పిల్లల పేర్ల గొడవ, డబ్బుల గొడవ కోర్టుకెక్కిందట. కంపెనీ ఆపేస్తోందట. పెద్దాయన ఫోన్ పెట్టేసి చాలాసేపు కంట్రోలర్ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. మిషను ఆపేసే ఉంది.

"అయితే ఇదే ఆఖరిది" అన్నాడు. కంట్రోలర్ పక్కన పెట్టి, "పోన్లే" అన్నాడు.

ఆ తర్వాత ఏడాదికి బొమ్మ కూడా కనబడలేదు. మిషను పెట్టమని, ఊరికే వినేవాడు.

ఈ ఫిబ్రవరిలో పోయాడు. పెద్దకర్మ భోజనాలు ఆ ఇంట్లోనే పెట్టారు, వంట నాదే. వాళ్ల నలుగురూ ఒకచోట కూర్చున్నారు. నేను సాంబారు వడ్డిస్తున్నాను. ఫార్మింగ్టన్ హిల్స్ ఆయన పక్కాయనతో అంటున్నాడు.

"ఆ లాస్ట్ గేమ్‌లో పేర్లన్నీ తారుమారు చేశాడు, గుర్తుందా? గోడలాంటి మిల్లర్‌గాడి పేరు తీసుకెళ్లి కిక్కర్‌కి తగిలించాడు!"

"గుర్తు లేకేం. ఒక్క పేరు కూడా కరెక్టు లేదు."

"ఎంత ఏడిపించానో ఆ రోజు ఫోన్‌లో. ఒరేయ్ డోర్స్, ఇంక రిటైరైపోరా అన్నా."

"ఏమన్నాడప్పుడు?"

"ఏమంటాడు. కళ్లు కనబళ్లేదురా, నేనే పెట్టాను, తప్పు నాదే అన్నాడు." ఆయన నవ్వుతూ ఆగిపోయాడు. విస్తట్లో అన్నం కెలికాడు. "నలభై ఏళ్లు చూశాను వాణ్ని. తప్పు నాదే అన్న మాట అదొక్కసారే విన్నా."

చెప్పాల్సింది అప్పుడే. "ఇంకొంచెం సాంబారు వెయ్యమంటారా?" అన్నాను. వెయ్యమన్నాడు. వేశాను.

వంటింట్లోకి వచ్చి కూతుర్ని అడిగాను, ఆ లిస్టు ఎట్లా తీశావమ్మా అని. "పేర్లు ఫోర్ పేజెస్, నంబర్స్ ఫోర్ పేజెస్ ఆంటీ. పక్కపక్కన పెట్టి చూడాలి. వై?" అంది. ఏం లేదన్నాను. పకోడీల పళ్లెం గుర్తొచ్చింది. తర్వాత సీరియల్ డబ్బా గుర్తొచ్చింది. ఇరవై ఏళ్లు ఆయన అదే డబ్బా తిన్నాడు. దాని మీద ఏముందో ఆయనకి నేను చదివి పెట్టాలా? సింకు దగ్గర నిలబడి నీళ్లు తిప్పి, గిన్నెలన్నీ అయ్యేదాకా తోమాను.

అందుకని ఈ పేజీలో ఆ నలుగురికీ చెప్పాలనుకున్నది ఇది. అయ్యా, ఆ పేర్లు పెట్టింది ఆయన కాదు. నేను. ఆయనకి మొదటి తన్నుకే తెలిసిపోయింది. డెబ్బై పేర్లూ ఆయనకి నోటికి వచ్చు, నాతో మళ్లీ పెట్టించుకోవచ్చు. పెట్టించుకుంటే నాకు చదవడం రాదని మాట పైకి రావాలి. కళ్లతో చూసే ఆఖరి టీమ్‌ని అట్లాగే ఉంచుకుని, మీ చేత తిట్లు తిన్నాడు. మీరు ఏడిపించాల్సింది నన్ను.

ఆ మిషను ఇప్పుడు మా ఇంట్లో ఉంది. కూతురు నంబర్ల కాగితాలు మళ్లీ ప్రింట్ తీసి పంపింది. పని నుంచి వచ్చి, కాళ్లకి వేడినీళ్లు పోసుకుని, రోజుకి ఇద్దరు ముగ్గురిని సరిచేస్తున్నాను. పేరు కాగితం ఒక పక్క, నంబరు కాగితం ఒక పక్క. చదివి, చూసుకుని, మళ్లీ చదివి నొక్కుతాను. ఇప్పటికి నలభై ఒక్కమంది అయ్యారు. ఇంకా చాలామంది ఉన్నారు. కొన్ని రోజులు ఒక్కడికే కళ్లు మూతలు పడతాయి.

నిన్న కిక్కర్ వంతు వచ్చింది. కాగితంలో అసలువాడి పేరు దొరికింది, నంబరు కూడా కలిసింది. మొదటి అక్షరం మీద వేలు పెట్టాను. నొక్కలేదు. ఆట పెట్టాను, తన్నేదాకా చూశాను. మిల్లర్ అని పలికింది. మిషను ఆపేసి అన్నం వండుకున్నాను.

మిగతావాళ్లందరినీ వాళ్ల వాళ్ల చోట పెట్టేస్తాను. మిల్లర్‌ని మాత్రం అక్కడే ఉండనిస్తున్నాను. అది తప్పేనని నాకు తెలుసు. ఎవరైనా అడిగితే, నేనే పెట్టానని చెప్తాను.